చెన్నపురి కళాశాలలో చేరిన వ్రాతలు



పల్లెటూళ్లలో పాత యిండ్ల అటుకలమీదను, కావడిపెట్టెలలోను తాటాకు కట్టలు, నాటుకాగితపు చిట్టాలు నేటికిని కొన్ని మిగిలియున్నవి. వానిని విప్పి చూచువారు తక్కువ. పారవేయుటకు మనసొప్పువారును తక్కువయే. ఇందులో దాచదగినది యేది, విడువదగినది యేది అను ప్రశ్న మనకు మాత్రమే కలిగినది కాదు. రెండువందల సంవత్సరములకు పూర్వము చెన్నపురియందొక కళాశాలకు ఈ ప్రశ్నయే యెదురయ్యెను. ఆ కళాశాలవారును, వారి భాండాగారమునకు వ్రాతలు చేర్చినవారును ఏ తూనికరాళ్లతో తూచిరో, ఆ తూనికలో మన గ్రామముల వ్రాతలకు ఏ గతి పట్టెనో నాకు తెలిసినంతవఱకు మనవి చేసెదను.

ఆ కళాశాల 1812వ సంవత్సరమున స్థాపింపబడినది. సెంటుజార్జికోట కళాశాల యని దానికి పేరు. నేటి చెన్నైలో నుంగంబాకమునందు కాలేజిరోడ్డు అని పిలువబడు వీధికి ఆ పేరు వచ్చినది దానివలననే. కళాశాల యనగానే మన పిల్లలు చదువుకొను కళాశాలవంటిదని తలంపవలదు. సీమనుండి క్రొత్తగా దిగిన కుంఫిణీ చిన్నదొరలకు దేశభాషలు నేర్పి, పరీక్షించి, జిల్లాలకు పంపుటయే దాని ముఖ్యకార్యము. ఎల్లిసుదొర దానికి మూలపురుషుడు. వేదము పట్టాభిరామశాస్త్రిగారు, రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారు మొదలగు పండితులు దాని కొలువులో నుండిరి. కావున అచ్చట మొదట ఆదరము పొందినవి బోధనకు పనికివచ్చు గ్రంథములు: వ్యాకరణములు, నిఘంటువులు, ధర్మశాస్త్రములు, చదివింపదగిన కథలు. మచిలీపట్టణపు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపికను కళాశాలవారు సంపాదించుటయు, గురుమూర్తిశాస్త్రిగారు విక్రమార్కుని కథలను వచనముగా వ్రాయగా 1819లో అచ్చువేయించుటయు ఈ ప్రయోజనము కొఱకే.

ఇది మొదటి తూనికరాయి. పనికివచ్చునది దాచుట లోకమున ఎల్లరును చేయుపనియే, దీనిని తప్పుపట్టలేము. అయినను, ఎవరి పనికి అని అడుగకుండరాదు. తెలుగు అర్జీ చదివి అర్థము చేసికొనవలసిన దొర పనికి. ఆ దొరకు జాతరపాట అక్కఱలేదు, ఊడ్పుపాట అక్కఱలేదు. అందుచేత వానిని వ్రాయించవలెనను తలంపే కళాశాలకు కలుగలేదు.

ఇంచుమించుగా ఈ కాలముననే మఱియొక త్రాసు గ్రామములవెంట తిరుగుచుండెను. స్కాట్లండునకు పడమరనున్న ద్వీపములలో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో చెన్నపురికి వచ్చి, సైన్యముతోపాటు దేశమంతయు తిరిగి, భూములు కొలిపించి పటములు వ్రాయించు పనిలో పేరుపొంది, 1815లో హిందూదేశమునకంతకును సర్వేయరు జనరలయ్యెను. ఈయనకు మన భాషలు రావు. ఆయనకు కన్నులును చెవులును అయినవారు ఏలూరి కావలివారు: బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను సోదరులు. పాతశాసనములు చదువుటయందు బొఱ్ఱయ్య దిట్ట. ఆయన 1803లో ముప్పది యేండ్లు నిండకయే గతించెను. ఆపైన లక్ష్మయ్య ఆ భారమును వహించి, నారాయణరావు మొదలగు గుమాస్తాలను జిల్లాలకు పంపుచు, వారు వ్రాసిపంపినది క్రమపఱచుచు వచ్చెను.

నిజాము 1800లో కుంఫిణీవారికి వదలిన దత్తమండలములలో ఈ పని మిక్కిలి విస్తారముగా జరిగినది. గుమాస్తా ఊరిలో దిగి కరణమును, దేవాలయపు స్థానికులను, వృద్ధులను పిలిపించి అడుగును. ఊరికి ఈ పేరెట్లు వచ్చినది? ఎవరు కట్టించిరి? ఏ రాజుల యేలుబడి జరిగినది? చెఱువెవరు త్రవ్వించిరి? ఏ అగ్రహారము ఎవరికి ధారపోసిరి? గుడిముందఱి రాతిమీద ఏమున్నది? కరణము తన తాతముత్తాతలనాటి దండకవిలె విప్పి సమాధానము వ్రాయించును. దీనికే కైఫీయతు అని పేరు.

పండితుల లెక్కలో కైఫీయతు గ్రంథమే కాదు. దానికి ఛందస్సు లేదు, మంగళాచరణము లేదు. భాష కచ్చేరీభాష, నడుమ నడుమ ఫార్సీ మాటలు. నావలె కావ్యములు వల్లెవేసి పెరిగినవాని నాలుక ఆ వాక్యములలో మొదట తడబడును. కాని తెగిన చెఱువుకట్టను తిరిగి పోయించినవాడెవడు, అందులకు వానికి ముట్టిన దశబంధమానె మెంత అను సంగతి మనుచరిత్రములో వెదకిన దొరకునా? ఊరు పాడుపడి, మఱల కుదురుకొన్న వృత్తాంతము ఏ ప్రబంధకవి వ్రాసెను? మెకంజీ త్రాసులో రసమునకు చోటు లేదు, ఊరిపేరునకు చోటున్నది. ఆయన తెలిసి చేసెనో, భాషలు రాకుండుటచేతనే మన పండితుల అభిరుచికి లోబడక చేసెనో కాని, మనకు మేలే జరిగినదని నా యభిప్రాయము.

మెకంజీ 1821లో మరణించెను. ఆయన భార్య ఆ సంచయమునంతయు లక్షరూపాయలకు దొరతనమువారికి అమ్మినది. కలకత్తాలో విల్సనుదొర దానికి పట్టిక తయారుచేసి 1828లో ప్రకటించెను. ఆ లెక్క వినదగినది: సాహిత్యగ్రంథములు 1,568, స్థానికచరిత్రములు 2,070, శాసనముల ప్రతులు 8,076, నాణెములు 6,218. ఇవిగాక పటములు, చిత్రములు, విగ్రహములు. విల్సను సంస్కృతమున గట్టివాడు, దక్షిణదేశభాషలు మాత్రమెఱుగడు, గుమాస్తాలు చెప్పిన సంగ్రహములే ఆయనకు ఆధారము. 1823లోను 1825లోను కొంతభాగము లండనునకు ఓడనెక్కినది. మిగిలిన తెలుగు, అరవము, కన్నడము మొదలగు భాషల వ్రాతలను కలకత్తాలో చదువువారు లేరని చెన్నపురికి త్రిప్పిపంపిరి. అట్లు అవి కళాశాల భాండాగారమునకు చేరినవి. మన కైఫీయతులు నేటికి మనదేశమున మిగులుటకు ఒక కారణము, వానిని కోరినవారు అచ్చట లేకపోవుటయే!

విల్సను పట్టికలో వ్రాతలు భాషలవారీగా నున్నవి. ఇంతటి సంచయమునకు అది తొలిపట్టిక. అందును ఆయనకు రాని భాషలు. కావున ఆయనను నిందింపను. ఐనను, తన ఊరిపేరు పట్టి వెదకువానికి ఆ వరుస సుళువు కాదు.

ఇక్కడ లక్ష్మయ్యగారి సంగతి చెప్పక ముందుకు పోజాలను. దొర పోయిన పిదప, ఆ పనిని తానే సాగించెదనని ఆయన దొరతనమువారిని వేడుకొనెను. ఏ ఊరినుండి ఏ కాగితము వచ్చినది, ఎవరు వ్రాసిరి, ఎవరిని నమ్మవచ్చును అను నది ఆయనకు తెలిసినట్లు మఱియెవ్వరికిని తెలియదు. ఆ మనవి కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి యభిప్రాయమునకు పోయెను. 1836లో ప్రిన్సెపుదొర, ఇట్టి విమర్శకార్యమునకు దేశీయుడు తగడని తీర్పు చెప్పెను. అశోకుని శాసనములను చదివి లోకోపకారము చేసిన మహానుభావుడే ప్రిన్సెపు. కాని ఈ తీర్పు నాకు రుచింపదు. కాగితములు నిలిచినవి, వానిచుట్టునున్న తెలివి ఒక వృద్ధునితో గతించినది. మెకంజీ ఆరంభించిన సంగ్రహణమును ఆ రీతిని కొనసాగించినవారు లేకపోయిరి.

మూడవ త్రాసు బ్రౌనుదొరది. ఈయనను మీరెఱుగుదురు, కనుక క్లుప్తముగా చెప్పెదను. 1817లో చెన్నపురికి వచ్చి ఆ కళాశాలలోనే తెలుగక్షరములు దిద్ది, 1820లో కడపకు ఉద్యోగియై పోయెను. కళాశాల నేర్పిన తెలుగు దొరకొలువునకు చాలును, ఈయనకు చాలలేదు. కవిగా పండితులు లెక్కింపని వేమన పద్యములను 1824 మొదలుకొని ప్రతులు తెప్పించి పోల్చి, ఆఱువందల తొంబదిమూడు పద్యములను ఇంగ్లీషు అర్థముతో 1829లో అచ్చువేయించెను. మనుచరిత్ర, వసుచరిత్రలకును పండితులచేత పాఠములు సరిచూపించి వ్యాఖ్యలు వ్రాయించెను. జూలూరి అప్పయ్యగారివంటి పండితులకు జీతములిచ్చినది తన సొంత ధనముతో.

ఆయన తూనికలో విశేషమొకటి కలదు. ఒక కావ్యమునకు ఒక ప్రతి యున్న చాలునని సామాన్యముగా భాండాగారములవారు తలంతురు. చోటు తక్కువ, ఖర్చు ఎక్కువ. బ్రౌను అట్లు తలంపలేదు. లేఖకుడు నిద్రమత్తులో విడిచిన పాదము మఱియొక ఊరి ప్రతిలో నుండును. కావున ఒకే కావ్యమునకు వేఱువేఱు ఊళ్లనుండి పలుప్రతులు తెప్పించెను. అంతేకాదు, అనంతపురపు పాలెగాండ్ర వృత్తాంతమగు వచనమును ‘రాజుల యుద్ధములు’ అను పేర 1853లో అచ్చొత్తించెను. కావ్యములకు వ్యాఖ్యలు వ్రాయించిన చేతియే ఇట్టి వచనమునకును చోటిచ్చినది. సెలవుమీద సీమకు పోయినపుడు, 1811లో మరణించిన లేడెనుదొర కూర్చిన దక్షిణదేశపు తాళపత్రములు లండనులో కుంఫిణీవారి భాండాగారమున పడియుండుట చూచి, చదువువారు లేనిచోట అవి యేల యని అధికారులకు వ్రాసి, చెన్నపురి కళాశాలకు తెప్పించెను. 1845లో తాను కూర్చిన రెండువేలకు పైబడిన వ్రాతపుస్తకములను చెన్నపురి లిటరరీ సొసైటీవారికి ఒప్పగించెను. అవియు పిమ్మట కళాశాల వ్రాతలతో కలిసినవి.

ఇన్ని త్రాసులను దాటివచ్చినవానికి ఇక పురుగు అను పరీక్షాధికారి యొకడున్నాడు. తాటాకును వేసవియందు విప్పి, గాలి తగిలించి, నూనె రాచి, మసి పూసి కట్టినచో కొన్నివందల యేండ్లుండును. ముట్టనిచో నూఱేండ్లకే జల్లెడయగును. మెకంజీ సేకరించిన నాటుకాగితము తాటాకుకన్న వేగముగా చెడినది. టేలరు పాదిరి 1830ల చివర ఆ వ్రాతలను పరీక్షించి, సిరా వెలిసిపోవుచున్నవానిని, పురుగు తినుచున్నవానిని ఏఱి నకలు వ్రాయించెను. బ్రౌనును స్థానికచరిత్రములకు నకళ్లు తీయించెను. కళాశాల 1854లో మూతపడినది. టేలరు 1857 మొదలు 1862 వఱకు మూడు సంపుటములుగా ప్రకటించిన వివరణపట్టికకు గతించిన కళాశాల భాండాగారపు పట్టిక యనియే పేరు. అందు ప్రతి గ్రంథమునకును ఆకు పొడవు, మందము, ఎంత చెడినది అను వివరములు వ్రాసియున్నవి. వైద్యుడు రోగిని చూచినట్లు ఆయన పుస్తకమును చూచెను. ఏది గొప్పది అనికాక, ఏది ముందు పోవును అని అడుగుట నాలుగవ తూనికరాయి. భాండాగారములు కాపాడువారికి ఇది నేటికిని ముఖ్యము.

ఆ గతించిన కళాశాల వ్రాతలే తరువాత ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమైనవి. అది నేడు చెన్నైలో తమిళనాటి ప్రభుత్వము అధీనమున నున్నది. 1946లో నీలకంఠశాస్త్రిగారును, నేలటూరి వెంకటరమణయ్యగారును విజయనగరచరిత్రకు మూలములను మూడు సంపుటములుగా కూర్చినపుడు కావ్యములతోపాటు ఈ కరణముల వ్రాతలను సైతము ఏఱి తీసికొనిరి. పండితుడు గ్రంథము కాదన్నదానిని చరిత్రకారుడు సాక్షిగా పిలిచెను. ఆ సాక్ష్యమునంతయు నమ్మవలెనని నేననను. మాన్యము నిలుపుకొనవలెనని కరణము ఒకటికి రెండు చెప్పియుండవచ్చును. పరీక్షిత్తునుండి మొదలుపెట్టిన రాజుల వరుస చరిత్రకు నిలువదు. శాసనముతో సరిపోల్చుకొని తీసికొనవలెను.

ఇంతకును కైఫీయతు సంగ్రహమే. మూలములగు కవిలెలను ఎవరును చెన్నపురికి కొనిపోలేదు. కొనిపోవుటకు అవి నాడు దినదినము పనికివచ్చు లెక్కలు. కరణము చేతిలోనే యుండవలెను. పని తీఱిన తరువాత వానిని అడిగినవారు లేరు. చెదలు కొన్నిటిని, పొయ్యి కొన్నిటిని తినినవి. పుణ్యమని కొన్నిటిని నదిలో విడిచిరి. 1984లో కరణీకములు రద్దయినపుడు సర్కారు రికార్డు తాలూకా కచేరికి పోయినది. ఇంటివారి పాతకట్టలు ఇంటనే నిలిచినవి.

అట్టి కట్టను ఒక కళాశాలకో విశ్వవిద్యాలయమునకో చూపినచో అచ్చటివారు ముందుగా అడుగునది అందులోని పద్యము మంచిదా యని కాదు. ఇది ఏ ఊరిది, ఏ ఇంటిది, ఎవరు వ్రాసినది, ఇట్టిది మఱియొకచోట నున్నదా యని అడుగుదురు. పురాణములు వేయింట దొరకును. మీ ఊరి చెఱువుక్రింద నీటివంతుల లెక్క మీ యింట తప్ప దొరకదు. కట్టలోని వరుసను మార్చక, చీటీలను విడదీయక ఇచ్చినచో వారికి సగము శ్రమ తగ్గును. ఏ కాగితముపై ఏ కాగితముండెనో అదియు ఒక సాక్ష్యమే. అన్నిటిని తీసికొనుటకు వారికిని చోటుండదు. వలదన్నచో చిన్నపుచ్చుకొనక, ఏల వలదనిరో అడిగి తెలిసికొని, మఱియొకచోట చూపవచ్చును.

కడపలో బ్రౌనుదొర కాపురమున్నచోట నేడు ఆయన పేర గ్రంథాలయమును, పరిశోధనకేంద్రమును ఉన్నవి. 2006లో నెలకొన్న యోగివేమన విశ్వవిద్యాలయమువారు దానిని నిర్వహించుచున్నారు. మెకంజీ గుమాస్తాలు ఆ జిల్లాలో వ్రాయించుకొన్న కైఫీయతులను అచ్చటివారు సంపుటములుగా అచ్చువేయించిరి. ఆ ప్రాంతమువారు తమ యూరి పేరు అందున్నదేమో చూచికొనవచ్చును.