అరటిచెట్టు నోట్లు

యుద్ధాల చరిత్ర అనగానే ఫిరంగులూ, గెలుపోటములూ చెబుతారు. గెలిచాక ఊళ్లో తిష్ఠవేసిన సైన్యం రోజూ ఏం తింటుంది, ఆ తిండి ఎవరింట్లోంచి వస్తుంది అన్న లెక్క మాత్రం ఆడవాళ్లం మనమే వేసుకోవాలి.

1941 డిసెంబరు 8న జపాను సేనలు మలయాలో దిగాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. ఆ తరవాత, 1944 జనవరిలో, మలయాను కాపలా కాయడానికని 29వ సైన్యాన్ని ఏర్పాటు చేశారు. సేనాని ఇషిగురో తేయిజో. మకాం పెరాక్ రాష్ట్రంలోని తైపింగ్ పట్నం.

ఆ గొడవ మనకెందుకంటారా? అదే పెరాక్‌లో, బాగాన్ దాతో కొబ్బరితోటల్లో మనవాళ్లున్నారు మరి! విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లిన కూలిజనం. రబ్బరు తోటల్లోనూ ఉన్నారు.

యుద్ధంతో రబ్బరు కొనే అమెరికా, ఇంగ్లండు శత్రుదేశాలైపోయాయి. తోటల్లో పని పోయింది. రబ్బరు పాలు కాచుకుని తాగలేం కదా! మలయా తినే బియ్యంలో చాలా భాగం బర్మా, సయాంల నుంచి రావాలి. ఆ రాక తగ్గింది. వచ్చినదాంట్లో ముందు వాటా సైన్యానిది. కూలి ఇళ్ల పొయ్యిమీద కర్రపెండలమే ఉడికింది.

గుడ్డ సంగతి ఇంకా అన్యాయం. నల్లపాడు చుట్టూ పత్తిచేల మధ్య పెరిగిన మనకి గోనె అంటే మిరపకాయలు తొక్కే టిక్కీయే. ఆ తోటల్లో గోనెపట్టాయే ఒంటిమీద బట్టయింది.

కాపలా సైన్యం రాకముందే మరో ఘోరం జరిగిపోయింది. 1942–43లలో 415 కిలోమీటర్ల సయాం–బర్మా రైలుదారి కోసం జపానువాళ్లు తోటల నుంచి మగవాళ్లను తీసుకుపోయారు. కొందరిని ఆశపెట్టి, కొందరిని బలవంతాన. తమిళులు, తెలుగువాళ్లు, మలయ్‌లు, బర్మావాళ్లు, జావావాళ్లు వేలకువేలు కలరాతో, ఆకలితో రాలిపోయారు. అక్కడ చనిపోయిన తెల్ల ఖైదీల సమాధుల మీద పేర్లున్నాయి. కూలీల్లో ఎక్కువమందికి సమాధే లేదు. కబురు చెప్పేవాళ్లు లేక, తాళి ఉంచుకోవాలో తీసెయ్యాలో తెలియని ఇల్లాళ్ల అవస్థ ఊహించండి.

వాళ్ల చేతికొచ్చిన డబ్బయినా నిలిచిందా? జపాను అచ్చేసిన పది డాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ. జనం అరటి నోటనే పిలిచారు. అడ్డూ ఆపూ లేకుండా అచ్చేసరికి సంచెడు నోట్లిస్తే గుప్పెడు సరుకు వచ్చే రోజులొచ్చాయి.

1945 సెప్టెంబరు 13న కౌలాలంపూరులో, విక్టోరియా ఇన్‌స్టిట్యూషన్ బడి హాల్లో ఇషిగురో లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. తిరిగొచ్చిన బ్రిటిషువాళ్లు ఆ నోట్లు చెల్లవన్నారు. పోపులడబ్బాలో నాలుగు నోట్లు దాచుకున్న ఇల్లాలికి ఓడిన సైన్యమూ, గెలిచిన సైన్యమూ కలిసి మిగిల్చింది చిత్తుకాగితాలు.

అయినా ఆ తోటల్లో తెలుగు నిలిచింది. పిల్లలకి ఆ భాష నేర్పిన తల్లుల్లో గోనె కట్టినవాళ్లూ, కర్రపెండలం ఉడకేసినవాళ్లూ ఉన్నారు. 29వ సైన్యం చరిత్ర రాసేవాళ్లు వీళ్లకీ ఒక పేజీ వదలాలి.