డెస్క్‌టాప్ టేబుళ్లలో బహుళ సెల్ ఎంపిక సంకేతాలు

డెస్క్‌టాప్ అప్లికేషన్‌లోని టేబుల్‌లో ఎంపికైన సెల్స్ మారినప్పుడు ఆ సంగతిని ప్రోగ్రాముకు చేరవేసే సిగ్నల్‌ను లేదా ఈవెంట్‌ను ఎంపిక సంకేతం అంటారు. మౌస్‌తో లాగినా, షిఫ్ట్ నొక్కి బాణం కీలు వాడినా, కంట్రోల్ నొక్కి విడివిడిగా క్లిక్ చేసినా, ప్రోగ్రామే ఎంపికను మార్చినా వచ్చేది ఇదే సంకేతం. ఎంచుకున్న అంకెల మొత్తాన్ని స్టేటస్ బార్‌లో చూపడం, కాపీ బటన్‌ను ఆన్ చేయడం వంటి పనులు దీని మీదే నడుస్తాయి. ఎంపిక మారిందని ఈ సంకేతం చెబుతుందే తప్ప, యూజర్ ఎంచుకోవడం పూర్తయిందని సాధారణంగా చెప్పదు. దీన్ని వాడే కోడ్‌లో వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

కరెంట్ సెల్, ఎంపికైన సెల్స్

కీబోర్డ్ ఫోకస్ ఉన్న సెల్‌ను కరెంట్ సెల్ అంటారు. అది ఒక్కటే ఉంటుంది. ఎంపికైన సెల్స్ మాత్రం ఒక్కటీ లేకపోవచ్చు, టేబుల్ మొత్తమూ కావచ్చు. క్యూటీ అనే టూల్‌కిట్‌లో, ఎంపికై ఉన్న సెల్‌ను కంట్రోల్ నొక్కి మళ్లీ క్లిక్ చేస్తే అది ఎంపికలోంచి పోతుంది కానీ కరెంట్ సెల్‌గా మిగులుతుంది. క్లిక్ సంకేతాన్ని నమ్ముకుంటే కీబోర్డ్‌తో చేసిన ఎంపికలు అందవు. కరెంట్ సెల్ మార్పును నమ్ముకుంటే ‘సెలెక్ట్ ఆల్’ లాంటివి అందవు.

క్యూటీ

నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ 1995లో తొలిసారి విడుదల చేసిన క్యూటీలో రెండు స్థాయిల సంకేతాలు ఉన్నాయి. క్యూటేబుల్‌విడ్జెట్ ఇచ్చే ‘ఐటమ్‌సెలక్షన్‌ఛేంజ్డ్’ వెంట ఏ వివరమూ రాదు. ఏవి ఎంపికయ్యాయో ప్రోగ్రామే అడిగి తెలుసుకోవాలి. ఏవి ఎంపికయ్యాయో గుర్తుంచుకునే సెలక్షన్ మోడల్ ఇచ్చే ‘సెలక్షన్‌ఛేంజ్డ్’ మాత్రం కొత్తగా చేరినవి, తొలగినవి అని రెండు జాబితాలు ఇస్తుంది. రెండు వరుసలు, రెండు కాలమ్‌ల ఎంపికను మౌస్‌తో ఒక కాలమ్ కుడికి లాగితే, చేరినవాటి జాబితాలో ఉండేవి 2 సెల్స్. మొత్తం ఎంపికలో ఉండేవి 6. చేరినవాటి జాబితానే మొత్తం ఎంపిక అనుకుంటే స్టేటస్ బార్‌లో తప్పు లెక్క కనిపిస్తుంది.

సెల్స్ జాబితా ఏ క్రమంలో వస్తుందో భరోసా లేదు కాబట్టి, క్లిప్‌బోర్డుకు పంపేముందు వరుస, కాలమ్ ప్రకారం సర్దుకోవాలి. ఐటమ్ పెట్టని ఖాళీ సెల్స్ ‘సెలెక్టెడ్‌ఐటమ్స్’ జాబితాలో రావు, ‘సెలెక్టెడ్‌ఇండెక్సెస్’లో వస్తాయి. ఈ తేడా గమనించకపోతే కాపీ చేసిన డేటాలో కాలమ్‌లు పక్కకు జరుగుతాయి.

స్వింగ్

1998 డిసెంబరులో జావా 1.2లో భాగమైన స్వింగ్ టూల్‌కిట్‌లోని జేటేబుల్, వరుసలకు ఒకటి, కాలమ్‌లకు ఒకటి చొప్పున రెండు సెలక్షన్ మోడళ్లు వాడుతుంది. సెల్స్ ఎంపికను పూర్తిగా పట్టుకోవాలంటే రెండింటికీ లిజనర్ ఉండాలి. వరుసలూ కాలమ్‌లూ కలిసే చోటే ఎంపిక కాబట్టి, ఒక మూల సెల్‌ను, ఎదుటి మూల సెల్‌ను మాత్రమే ఎంచుకోవడం మామూలు జేటేబుల్‌లో కుదరదు. లాగడం ఇంకా సాగుతోందా అన్నది ‘గెట్‌వాల్యూఈజ్‌అడ్జస్టింగ్’ చెబుతుంది. అది ఫాల్స్ అయ్యాకే బరువైన పని మొదలుపెట్టడం ఆనవాయితీ.

డాట్‌నెట్, హైదరాబాద్

మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. జావా తెలిసినవారిని మైక్రోసాఫ్ట్ ప్లాట్‌ఫామ్ డాట్‌నెట్‌కు తీసుకురావడానికి ఉద్దేశించిన విజువల్ జే షార్ప్ అనే భాష ఆ సెంటర్‌లోనే తయారై 2002లో విడుదలైంది.

2005లో డాట్‌నెట్ 2.0తో డేటాగ్రిడ్‌వ్యూ అనే టేబుల్ కంట్రోల్ వచ్చాక, జే షార్ప్ ప్రోగ్రాములు కూడా దాన్ని వాడుకోగలిగాయి. సీ షార్ప్‌లో ప్లస్-ఈక్వల్ గుర్తుతో ఈవెంట్‌కు హ్యాండ్లర్ తగిలిస్తే, జే షార్ప్‌లో ఈవెంట్ పేరుకు ముందు ‘యాడ్’, అండర్‌స్కోర్ చేర్చిన మెథడ్‌ను పిలిచేవారు. జే షార్ప్‌ను తర్వాతి విజువల్ స్టూడియోలో చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2007లో ప్రకటించింది.

డేటాగ్రిడ్‌వ్యూ ‘సెలక్షన్‌ఛేంజ్డ్’ ఈవెంట్ చేరినవి, తొలగినవి అన్న జాబితాలు ఇవ్వదు. ఎంపికైన సెల్స్ ఎన్నో తెలిస్తే చాలనుకున్నప్పుడు, మొత్తం జాబితా తయారు చేయించకుండా ‘గెట్‌సెల్‌కౌంట్’ వాడటం మేలు. 2010లో డాట్‌నెట్ 4తో వచ్చిన, డబ్ల్యూపీఎఫ్ అనే మరో డాట్‌నెట్ టూల్‌కిట్‌లోని డేటాగ్రిడ్ మాత్రం ‘సెలెక్టెడ్‌సెల్స్‌ఛేంజ్డ్’ ద్వారా ఆ రెండు జాబితాలనూ ఇస్తుంది.

జాగ్రత్తలు

మౌస్ లాగుతున్నంతసేపూ సంకేతాలు వరసగా వస్తూనే ఉంటాయి. ప్రతి సంకేతానికీ డేటాబేస్ క్వెరీ నడిపితే స్క్రీన్ బిగుసుకుపోతుంది. అందుకే హ్యాండ్లర్‌లో చిన్న టైమర్‌ను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి, సంకేతాలు ఆగాక ఒక్కసారి పని చేయిస్తారు.

హ్యాండ్లరే ఎంపికను మార్చితే అదే హ్యాండ్లర్ మళ్లీ మొదలవుతుంది. దీన్ని ఆపడానికి క్యూటీలో సెలక్షన్ మోడల్ సంకేతాలను నిలిపేస్తే, తెరపై రంగు మార్చాల్సిన వ్యూకు కూడా కబురు అందదు. ‘ఇప్పుడు మార్పు నాదే’ అని గుర్తుపెట్టుకునే ఒక బూలియన్ వేరియబుల్ సురక్షితం.

క్యూటీలోనే, వ్యూకు కొత్త డేటా మోడల్ ఇస్తే సెలక్షన్ మోడల్ కూడా కొత్తది వస్తుంది. పాత కనెక్షన్ దానికి పనిచేయదు. ఉన్న మోడల్‌నే రీసెట్ చేస్తే ఎంపిక పోతుంది కానీ ‘సెలక్షన్‌ఛేంజ్డ్’ రాదు. కాబట్టి రీసెట్ సంకేతాన్ని విడిగా పట్టుకుని, స్టేటస్ బార్‌లోని పాత మొత్తాన్ని, కాపీ బటన్ స్థితిని అక్కడ సరిచేయాలి.