తాటాకు నుంచి రేకు దాకా: మన ముంగిలి పందిరి చరిత్ర

విజయవాడ నుంచి ఏ కాలవ గట్టు పట్టుకుని దిగువకు వెళ్ళినా, ఊరి చివర మనవాళ్ళ కాలనీ ఒకటి కనబడుతుంది. యానాదులది కావచ్చు, ఎరుకలవారిది కావచ్చు. ప్రభుత్వం ఇచ్చిన ఒక గది ఇల్లు, దాని మీద స్లాబు. ఆ గదిలో బియ్యం డబ్బా, బట్టలు, టీవీ, పిల్లల పుస్తకాల సంచులు ఉంటాయి. మనుషులు మాత్రం పగలంతా ఇంటి ముందో వెనకో వేసుకున్న పందిరి కిందే ఉంటారు. బుట్టలు అల్లేది అక్కడే, వలలు బాగు చేసేది అక్కడే. వంట, పిల్లల చదువు, చుట్టాలొస్తే మంచం వాల్చడం అన్నీ అక్కడే. పట్టా గదికి ఉంది గాని, సంసారం నడిచేది పందిరి కింద.

ఆ పందిరి మీద ఏముంది? ఒక ఇంటికి తాటాకు, పక్కింటికి సిమెంటు రేకు, ఆ పక్కన ఇనప రేకు, ఇంకో ఇంటికి ఎన్నికలప్పటి ఫ్లెక్సీ, దాని మీద బరకం. "ఏది వేస్తే మళ్ళీ మళ్ళీ బాగు చేసే పని ఉండదు?" అని మన కుర్రవాళ్ళు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. దుకాణంలో అడిగితే వాళ్ళు అమ్మేదాని పేరు చెబుతారు. మనం మాత్రం జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. బాగు చేసే పని అనేది ఎప్పుడు బరువైందో, ఎందుకు బరువైందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది.

ఆకు కప్పిన కాలం

కృష్ణా డెల్టా ఒండ్రు నేల. మంచి రాయి దూరం, టేకు ఇంకా దూరం. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. దాని మీద బరువైన గోడ పెడితే పగుళ్ళిస్తుంది. అందుకే ఇక్కడ బీదల ఇల్లు, ఏ కులం వారిదైనా, తేలికగా ఉండేది. కప్పుకు కావలసింది చుట్టుపక్కలే దొరికేది. గట్ల మీద తాటాకు, కొల్లేటి అంచున జమ్ము, ఏటి లంకల్లో రెల్లు. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట వల్ల కాలవల కింద వరి పెరిగింది, దానితో వరిగడ్డీ పెరిగింది. కాని వరిగడ్డి త్వరగా కుళ్ళుతుంది. తాటాకే నమ్మకమైన కప్పుగా నిలిచింది.

యానాదులు గుండ్రటి పొట్టి గుడిసె వేసేవారు. వంగి లోపలికి దూరాలి. గాలి దాన్ని పట్టుకోవడానికి అంచు దొరకదు. ఎరుకలవారిలో వెదురు దబ్బలు చీల్చి బుట్టలు, తడికలు అల్లేవారికి దబ్బ ఎరుకలవారు అనే పేరే ఉంది. ఊళ్ళో పెద్ద రైతు ఇంటికి తడిక కావాలన్నా, పశువుల పాకకి దడి కావాలన్నా మనవాళ్ళ చేతికే వచ్చేది. అంటే కప్పు పనిలో మనం ఒకరి దగ్గర నేర్చుకున్నవాళ్ళం కాదు. ఆ పని తెలిసినవాళ్ళం.

తాటాకు కప్పు చూడడానికి సులువుగా ఉంటుంది గాని అందులో లెక్క ఉంది. కొట్టిన ఆకును ఆ రోజే వేయకూడదు. నేల మీద పరిచి, పైన బరువు పెట్టి, చదునుగా ఆరనివ్వాలి. కప్పు వాలు బాగా నిటారుగా ఉండాలి. వాలు తగ్గితే నీళ్ళు జారక ఆకులోనే నిలిచి కుళ్ళబెడతాయి. వాసాల మీద దబ్బలు అడ్డంగా కట్టి, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వేసుకుంటూ పోవాలి. పై వరస కింది వరసను సగానికి పైగా కప్పాలి. ప్రతి వరసనూ తాటి నారతో బిగించాలి. కింద పొయ్యి ఉంటే ఇంకా మంచిది. పొగ పట్టిన ఆకుకి పురుగు త్వరగా పట్టదు. అలా వేసిన కప్పు రెండు మూడేళ్ళు నిలుస్తుంది. ఆ తరవాత, మృగశిర కార్తె రాకముందే, పాడైన చోట కొత్త ఆకు వేయాలి.

దీన్నే ఇప్పుడు మనం మెయింటెనెన్స్ అంటున్నాం. మా నాయనమ్మకి ఆ మాట తెలియదు. ఆమె లెక్కలో అది కోతలూ నూర్పుల్లాగే ఏడాదిలో ఒక పని. ఆకు కొట్టుకోవడానికి గట్టు మీద చెట్లున్నాయి. చెట్టు రైతుదైతే ఒక పూట పని చేసిపెడితే ఆకు ఇచ్చేవాడు. నలుగురు చుట్టాలు వచ్చి చెయ్యి వేసేవారు, వాళ్ళకి అన్నం పెడితే సరిపోయేది. పని ఉంది, డబ్బు ఖర్చు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే రావాలి.

కదిలే కప్పు మీద చట్టం

ఎరుకలవారిలో కొందరిది కదిలే ఇల్లు. ఉప్పు ఎరుకలవారు కోస్తా ఉప్పును గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు వెళ్ళి, ధాన్యం తెచ్చుకునేవారు. దారిలో వాళ్ళకు ఇల్లంటే వంచి పాతిన పుల్లలు, వాటి మీద ఈతాకు చాపలు. తెల్లారితే చుట్టి గాడిద మీద వేసుకోవడమే. 19వ శతాబ్దం రెండో సగంలో రైలు ఆ వ్యాపారాన్ని తీసుకుపోయింది. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన పడింది. ఉప్పు రైలెక్కింది, గాడిదల బిడారు ఆగిపోయింది.

బిడారు ఆగినా అనుమానం ఆగలేదు. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశారు. ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులని రాసుకున్నారు. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపే స్టువర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. హాజరు వేయించుకోకుండా, అనుమతి చీటీ లేకుండా కదలడానికి వీల్లేదు. చుట్టి తీసుకుపోయే చాప ఇల్లు దొరల కంటికి నేరానికి గుర్తు. పాతుకున్న ఇల్లు మంచి నడవడికి గుర్తు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అంటే మనవాళ్ళలో చాలామందికి స్థిరమైన కప్పు మొదట కానుకగా రాలేదు, కాపలాతో వచ్చింది.

అదే కాలంలో 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిగా గీత గీసిన కొండల్లో వెదురు కొట్టుకోవడానికి అనుమతి కావలసి వచ్చింది. చేతిపని మనదే, సరుకు మాత్రం సర్కారుది అయింది.

పెంకు వచ్చింది, రేకు వచ్చింది

కుమ్మరి చక్రం మీద చేసిన గూన పెంకు ఇక్కడ పాతదే. బల్లపరుపుగా ఉండి ఒకదానికొకటి పట్టుకునే పెంకును 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు ఫ్యాక్టరీలో చేయడం మొదలుపెట్టారు. డెల్టాలో వరి డబ్బు చూసిన రైతులు అలాంటి పెంకులు ఇళ్ళకు వేయించుకున్నారు. పెంకు చల్లగా ఉంటుంది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కాని బరువు ఎక్కువ, కింద గట్టి కలప కావాలి. కోతి ఎక్కితే పగులుతుంది. మన పందిళ్ళ దాకా అది రాలేదు.

అలలు తీసిన ఇనప రేకుకు 1829లో లండన్ రేవుల్లో పనిచేసే ఇంజనీరు ఒకాయన పేటెంటు తీసుకున్నాడు. తరవాత దానికి జింకు పూత తోడై తుప్పు తగ్గింది. రాతినారను సిమెంటులో కలిపి రేకు చేసే పద్ధతి ఆస్ట్రియాలో 1900 ప్రాంతంలో పుట్టింది. 1946లో హైదరాబాదులో ఆ రేకుల ఫ్యాక్టరీ పెట్టారు. అక్కడి నుంచి వచ్చిన చార్మినార్ రేకు పేరు తెలియని ఊరు లేదు. తుప్పు పట్టదు, చెద పట్టదు, నిప్పంటుకోదు, ఇనప రేకు కంటే చవక. 1970ల తరవాత మన కాలనీల్లో పందిరి అంటే సిమెంటు రేకే అయింది.

ఉప్పెన నేర్పినది

1864 నవంబరు 1న బందరు ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది పోయారు. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో గుడిసెలు ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. ఆకు కప్పు మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ నిజం దాచకూడదు. ఉప్పెన ముందు తాటాకు గుడిసె ఒక గడ్డిపరక.

ఆ తరవాతే తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనప్పుడు అది ఎస్సీ, ఎస్టీ కుటుంబాల కోసం, విముక్తి పొందిన వెట్టి కార్మికుల కోసం. అలా మనకు స్లాబు గది వచ్చింది. అది ప్రాణం కాపాడే గది, కాదనలేం. మే నెల మధ్యాహ్నం దానిలో కూర్చోలేమన్నదీ అంతే నిజం. ఎండకు బెజవాడను బ్లేజ్‌వాడ అని నవ్వులాటకి అనలేదు. తుపాను రోజుకి ఒక కప్పు, మిగిలిన రోజులకి ఒక కప్పు కావాలి. లెక్కల్లో మొదటిది పక్కా, రెండోది కచ్చా. కచ్చా అని రాసినందువల్ల ఆకు పని తెలిసిన చేతికి కూడా విలువ తగ్గింది.

బరువు ఎక్కడ పెరిగింది

ఇప్పుడు మా నాయనమ్మ లెక్క దగ్గరికి వద్దాం. 1980ల నుంచి కైకలూరు, ముదినేపల్లి వైపు వరిచేలు చేపల చెరువులయ్యాయి. చెరువు గట్లకీ, రోడ్ల వెడల్పుకీ తాటిచెట్లు పోయాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, జమ్ము కోతకు పాత స్వేచ్ఛ లేదు. ఆకు కొనాల్సి వచ్చింది. నేసేవాళ్ళు తగ్గి కూలి పెరిగింది. గ్యాస్ పొయ్యి వచ్చాక పొగ కూడా లేదు, ఆకు ముందే పాడవుతోంది.

తాటాకు గుణం మారలేదు. దాని చుట్టూ ఉన్న చెట్టూ, గట్టూ, చుట్టాల చెయ్యీ మనకు దూరమయ్యాయి. అందుకే ఒకప్పుడు డబ్బు ఖర్చు లేని కప్పు ఇప్పుడు ఖర్చైన కప్పు అయింది. రేకు గెలిచింది తన గొప్పతనం వల్ల కొంత, మన చెట్లు పోవడం వల్ల కొంత. "ఆకు వేసుకునేవాళ్ళు వెనకబడినవాళ్ళు" అనే మాట వింటే ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు ఏది వేసుకోవాలి

సిమెంటు రేకు గురించి ముందు ఒక హెచ్చరిక. అన్ని రకాల రాతినారా క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలా దేశాలు దాన్ని నిషేధించాయి, మన దేశంలో ఇంకా అమ్ముతున్నారు. ప్రమాదం దుమ్ములో ఉంది. పాత రేకును కోయకండి, పొడిగా ఉండగా బెజ్జం వేయకండి, బ్రష్షుతో రుద్దకండి. పగిలిన ముక్కల్ని ముంగిట్లో పరిచి పిల్లల్ని ఆడనివ్వకండి. తీయవలసి వస్తే నీళ్ళతో తడిపి, పగలకుండా దించాలి. కొత్తగా వేసేవాళ్ళు రాతినార లేని రకం అడిగి తీసుకోవడం మంచిది.

రంగు పూత వేసిన ఇనప రేకుకు బాగు చేసే పని తక్కువ. కాని సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు గాలికి కోసిన అంచులూ, మేకు బెజ్జాలూ ముందు తుప్పు పడతాయి. మా ఇంటి పందిరికి ఒకసారి ఖర్చు తగ్గుతుందని హుక్కులు మానేసి మేకులు కొట్టించాం. ఒక గాలివాన రాత్రి రెండు రేకులు లేచి పక్కింటి గేదె మీద పడ్డాయి. మనుషుల మీద పడలేదు, అదే అదృష్టం. జె హుక్కులతో, వాషర్లతో బిగించి, గుంజల్ని లోతుగా పాతితేనే రేకు నిలుస్తుంది. తుపాను హెచ్చరిక వస్తే ఏ పందిరి కిందా ఉండకూడదు.

రేకు వేడికి మందు మన దగ్గరే ఉంది. పైన తెల్ల సున్నం వేస్తే ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే. రేకు కింద జానెడు ఎడంతో వెదురు తడిక కట్టినా నీడ చల్లబడుతుంది. దబ్బ పని తెలిసిన ఇల్లు మన కాలనీలో ఉంటే ఆ తడిక వాళ్ళ చేత కట్టించండి. ఆకు దొరికే ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇప్పటికీ తాటాకే చల్లన, పడినా ప్రాణం తీయదు. పొయ్యిని మాత్రం, వేసవి గాలుల్లో నిప్పు భయం వల్ల, ఈనాటి కిక్కిరిసిన కాలనీలో దూరంగా పెట్టుకోవాలి. ఏమీ కొనలేనివాళ్ళకి నాలుగు సరుగుడు గుంజలు, పైన సొరపాదు. నీడా వస్తుంది, కూరా వస్తుంది. ఫ్లెక్సీ మాత్రం ఎండకి పొడై రాలి మట్టిలో కలుస్తుంది, దాన్ని కప్పు అనుకోవద్దు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ తరగతి పిల్లల చేత ఒక వీధిలోని పందిళ్ళను లెక్కపెట్టించండి. ఏ కప్పు, ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు, ఎంత అయింది, మధ్యాహ్నం రెండు గంటలకు దాని కింద కూర్చోగలమా అని అడిగి రాయమనండి. నిట్రాడు, వాసం, దబ్బ, చూరు, నార అనే మాటలు ఎవరికి తెలుసో చూడండి. ఆ మాటలు తెలిసిన ముసలివాళ్ళను ఒక పూట బడికి పిలిచి, ఆకు ఎలా కట్టాలో పిల్లలకు చూపించమనండి. మన చరిత్ర పుస్తకాల్లో ఎక్కువ లేదు. మన ముంగిట్లో, తల మీద ఉంది.