కోయంబత్తూరు తెలుగువారు - పాత లౌడ్ స్పీకర్లు - వాని క్రాస్‌ఓవరు వలయములు

కోయంబత్తూరు నుండి పొల్లాచికి పోవు దారిలో కినత్తుకడవు కలదు. తమిళమున కిణఱు అనగా బావి. ఊరి పేరులోనే బావి యుండుట ఈ సీమకు తగియే యున్నది. ఇచ్చట నీరు లోతున నుండును. లోతుబావి పంపును కోరినది. పంపు మోటారును కోరినది. మోటారు రాగితీగను చుట్టు పనివానిని కోరినది. 1937లో జి.డి. నాయుడు గారును, డి. బాలసుందరం నాయుడు గారును కలిసి దేశీయమైన విద్యున్మోటారును నిర్మించిన తరువాత ఆ తీగచుట్టు విద్య ఈ మండలమున వీధివీధికి వ్యాపించినది. ఈ వ్యాసమున చెప్పబోవునది ఆ తీగచుట్టును గూర్చియే. కాని అది నీటిని తోడు తీగచుట్టు కాదు. ధ్వనిని పాయలుగా చీల్చు తీగచుట్టు.

ముందుగా వినువారిని గూర్చి రెండు మాటలు. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురను చేపట్టి పాళెగాండ్ర వ్యవస్థను ఏర్పరచిన నాటి నుండియు, అంతకు ముందు వెనుకలుగను, తెలుగువారు ఈ దక్షిణదేశమునకు తరలివచ్చిరి. కమ్మవారు, బలిజలు, తొట్టియ నాయకులు, దేవాంగులు, అరుంధతీయులు - వీరిలో పలువురి ఇండ్లలో తెలుగు నిలిచినది. బడిలో తమిళము చదివిరి. సంతలో తమిళము మాటలాడిరి. ఇంటికి వచ్చి తల్లితో తెలుగు పలికిరి. లిపి మాత్రము చాలమందికి దక్కలేదు. కావున ఇచ్చటి తెలుగువానికి తెలుగు కంటి సొత్తు కాదు, చెవి సొత్తు. పుస్తకమున అచ్చుతప్పు పడినచో చదువరి సరిదిద్దుకొనగలడు; చెవితో మాత్రమే భాషను కాపాడుకొను వానికి స్పీకరు మింగిన హల్లును తిరిగి ఇచ్చు వారెవ్వరు? ధ్వనియంత్రముల చరిత్ర ఇట్టి సంచికలో చోటు చేసికొనుట అందువలననే సమంజసమని నా యభిప్రాయము.

ఈ నగరమునకు చలనచిత్రము త్వరగానే వచ్చినది. రైల్వే ఉద్యోగి యగు సామికణ్ణు విన్సెంటు 1905లో ఒక ఫ్రెంచివాని యొద్ద ప్రదర్శన యంత్రమును కొని, డేరాలు వేసి ఊరూర చిత్రములు చూపెను. 1914లో కోయంబత్తూరున వెరైటీ హాలును కట్టెను. 1931 అక్టోబరు 31న విడుదలయిన 'కాళిదాస్' చిత్రము తమిళ చిత్రమని ప్రసిద్ధి కెక్కినను, దానిని తీసినవాడు మన హెచ్.ఎం. రెడ్డి, అందు తమిళముతో పాటు తెలుగు మాటలును, పాటలును కలవు. దక్షిణదేశపు తొలి టాకీలోనే ఈ రెండు భాషలు ఒకే తెరమీద కలిసికొన్నవి. మన కోయంబత్తూరు ఇండ్లలో ప్రతిదినమును జరుగుచుండినది అదియే గదా!

1932లో పైకారా జలవిద్యుత్తు మొదలయిన తరువాత ఇచ్చట మిల్లులతో పాటు సినిమా పరిశ్రమయు పెరిగినది. 1930ల నడుమ విన్సెంటు, బి. రంగస్వామి నాయుడు ప్రభృతుల పూనికతో సెంట్రల్ స్టూడియో వెలసినది. 1945లో ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు గారు పక్షిరాజా స్టూడియోను స్థాపించిరి. 1954లో ఆయన 'మలైక్కళ్ళన్'ను తమిళమునను, అదే కథను ఎన్.టి. రామారావు, భానుమతులతో 'అగ్గిరాముడు' పేర తెలుగునను వెలువరించిరి. ఈ రెండు స్టూడియోలును తరువాతి కాలమున మూతపడినవి.

'అగ్గిరాముడు'లో షేక్ నాజర్ గారి అల్లూరి సీతారామరాజు బుర్రకథ కలదు. నా విషయమునకు దీనికంటె మంచి ఉదాహరణము దొరకదు. బుర్రకథలో వంతల గుమ్మెట మోత క్రింది స్థాయిది. కథకుని వేలి అందెల ఝళఝళ మీది స్థాయిది. కథకుని గొంతు ఈ రెంటి నడుమ పరుగిడును. ఒకే కాగితపు శంకువు గుమ్మెటకు ముందు వెనుకలుగా ఊగుచు, అదే క్షణమున అందెల సన్నని కంపమును పలుకవలెనన్న అది అలవి గాని పని. పెద్ద శంకువు బరువైనది, వేగముగా కదలలేదు. చిన్న డయాఫ్రము తేలికయైనది. గుమ్మెట దెబ్బకు చినిగిపోవును. కాబట్టి ధ్వనిని రెండుగా పంచి, క్రిందిదానిని వూఫరునకును, మీదిదానిని హారనుకును పంపవలెను. ఆ పంపకము చేయు వలయమే క్రాస్‌ఓవరు.

ఇంటి రేడియోకు ఈ బాధ లేదు. 1941లో జి.డి. నాయుడు గారు ఐదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించిరి. ఆ కాలపు రేడియోలలో స్పీకరు ఒక్కటియే. మీడియం వేవు ప్రసారమున హెచ్చు స్థాయి ధ్వనులు ఎట్లును రావు గనుక దానికి రెండవ స్పీకరు వలసినది కాదు. నాటి స్పీకర్లు పెక్కింటిలో శాశ్వతాయస్కాంతమునకు మారు విద్యుదయస్కాంతపు చుట్ట యుండెడిది. ఆ చుట్టయే విద్యుత్తును వడగట్టు చోకుగా గూడ పనిచేసెడిది. ఒక్క రాగిచుట్టతో రెండు పనులు! పొదుపరియగు నాయుడు గారికి నచ్చదగిన ఏర్పాటు.

పెద్ద హాలునకు ఆ పొదుపు చాలదు. 1925లో అమెరికాలో రైసు, కెల్లాగు అనువారు కదలుచుట్ట స్పీకరును ప్రకటించిరి. అంతకు ముందే టెలిఫోను తీగల కొరకు జార్జి క్యాంప్‌బెల్, తరువాత ఆటో జోబెల్ తరంగములను వడగట్టు వలయములకు లెక్కలు కట్టియుండిరి. సినిమావారు ఆ లెక్కలనే అరువు తెచ్చుకొనిరి. 1933లో బెల్ పరిశోధనశాల వారు ఫిలడెల్ఫియాలో వాయించిన సంగీతమును తీగలమీద వాషింగ్టనుకు పంపి, వేరువేరు హారనుల ద్వారా వినిపించిరి. ఆ పద్ధతిని సినిమాకు తేబోగా ఒక చిక్కు వచ్చినది. నర్తకి కాలితో నేలను ఒక్కసారి తట్టగా హాలులో రెండు తట్లు వినబడినవి! క్రింది స్థాయి హారను పొడవుగా మడచబడి యుండుటచే దాని ధ్వని ఆలస్యముగా వచ్చెడిది. దారి ఎనిమిది అడుగులు ఎక్కువైనచో ధ్వని సుమారు 7 మిల్లీసెకండ్లు వెనుకబడును. డగ్లస్ షీరర్, జాన్ హిలియర్డు, జేమ్స్ లాన్సింగులు 1936 నాటికి ఈ తేడాను తగ్గించి షీరర్ హారనును నిర్మించిరి. 1945లో ఆల్టెక్ సంస్థ 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' వరుసను వెలువరించినది. అందు ఏ-7 రకములకు 500, 800 సైకిళ్ళ వద్ద చీల్చు వలయములు ఉండెడివి.

ఇక లెక్క. వలయమున ముఖ్యమైనవి రెండే: కెపాసిటరు, తీగచుట్ట. కెపాసిటరు మీది స్థాయిని పోనిచ్చి క్రిందిదానిని ఆపును. చుట్ట దీనికి విపరీతము. స్పీకరు నిరోధము 16 ఓములు, చీలిక 500 సైకిళ్ళ వద్ద అనుకొన్నచో అతి సరళమైన వలయమునకు దాదాపు 20 మైక్రోఫారడ్ల కెపాసిటరు, 5.1 మిల్లీహెన్రీల చుట్ట కావలెను. 800 సైకిళ్ళకు మార్చినచో 12.4 మైక్రోఫారడ్లు, 3.2 మిల్లీహెన్రీలు. ఇది స్థాయికి 6 డెసిబెళ్ళ చొప్పున మాత్రమే తగ్గించును. హారను డయాఫ్రమును కాపాడుటకు 12 డెసిబెళ్ళు మేలు. అప్పుడు ప్రతి పాయకును ఒక చుట్ట, ఒక కెపాసిటరు వలయును. కాని ఈ రెండవ పద్ధతిలో చీలిక యొద్ద రెండు స్పీకర్లును ఒకదాని కొకటి ఎదురు తిరుగును. ఒకదాని తీగలను తారుమారు చేయనిచో ఆ స్థానమున ధ్వని పల్లమగును. 'ఆ' అను అచ్చు యొక్క ప్రధాన బలము 700 సైకిళ్ళ చుట్టుపట్ల నుండును. తీగలు తప్పుగా తగిలించిన పెట్టెలో 'అమ్మా' అను పిలుపు నూతిలో నుండి వచ్చినట్లుండుటకు కారణ మిదియే. 1976లో లింక్‌విట్జ్, రైలీ అనువారు రెండు పాయలను కలిపినపుడు మిట్టపల్లములు లేకుండ నుండు వలయములకు లెక్క చూపిరి. పాత పెట్టెలను బాగుచేయువారు దీనిని తెలిసికొనుట అవసరము.

పాత వలయమును విప్పినవారికి మొదట కనబడునది చెడిన కెపాసిటరు. మైనము పట్టించిన కాగితపు కెపాసిటర్లు తేమ పీల్చి కారును. ఎలక్ట్రోలిటిక్ రకములు ఎండి, వ్రాసియున్న విలువకు దూరమగును. నూనె నింపిన కొన్ని పాత డబ్బాలలో పి.సి.బి. అను విషద్రవ్య ముండును. 2001 నాటి స్టాక్‌హోం ఒడంబడిక నిషేధించిన పదార్థములలో ఇది యొకటి. అట్టి డబ్బా కారుచున్నచో చేతితో తాకరాదు, నేల బావి చెంత పారవేయరాదు. మార్పిడికి పాలిప్రొపిలీను కెపాసిటర్లు మంచివి. అయితే పాతదానికి కొంత అంతర్నిరోధ ముండెను, క్రొత్తదానికి అది లేదు; అందుచే హారను ఒక్కసారిగా కరకుగా పలుకవచ్చును. ఒక చిన్న రెసిస్టరును జతచేసి దానిని సరిచేయవచ్చును. హారను వూఫరుకంటె బిగ్గరగా నుండుట సహజము. 16 ఓముల హారనును 6 డెసిబెళ్ళు తగ్గింపవలెనన్న వరుసలో 8 ఓములు, అడ్డముగా 16 ఓములు ఉంచిన చాలును.

తీగచుట్టను మాత్రము తొందరపడి మార్చరాదు. ఎనామిలు రాగితీగ చెడుట అరుదు. ఇనుప గుండు గల చుట్ట పెద్ద శబ్దమున తబ్బిబ్బగును గాని తీగ తక్కువ పట్టును. గాలిచుట్ట నిర్మలముగా పనిచేయును గాని తీగ ఎక్కువ పట్టి నిరోధము పెరుగును. రెండు చుట్టలను ఒకదాని కొకటి లంబముగా బిగింపవలెను. ప్రక్కప్రక్కన పడుకోబెట్టినచో ఒకదాని ధ్వని మరొకదానిలో ప్రాకును. క్రొత్త చుట్ట కావలసివచ్చినచో దూరదేశమునకు వ్రాయ నక్కరలేదు. పంపుమోటారు చుట్టు పనివానికి తీగ మందము, చుట్ల సంఖ్య చెప్పిన చాలును. అతని చేతిలో ఆ విద్య మూడు తరములుగ నున్నది.

బాగుచేయుటయనగా ఎంతవరకు? ఇందు పెద్దల యందే భేదాభిప్రాయములు కలవు. 1938లో హాలీవుడ్డు అకాడమీ వారు హాలు ధ్వనికి ఒక ప్రమాణము నేర్పరచి, ఫిలిము బుసను దాచుటకై మీది స్థాయిని తగ్గించిరి. నాటి చిత్రముల ధ్వని ఆ తగ్గింపును ఎదురుచూచియే ముద్రింపబడినది. నేటి రుచికొరకు మీది స్థాయిని పెంచినచో నాజర్ గారి అందెలతో పాటు బుస గూడ లేచును. కొందరు మొత్తము వలయమును పారవేసి క్రొత్తది కట్టుదురు. పలుకు స్పష్టమగును, నిజమే. కాని మనవారు డేరాలోను, హాలులోను నేలమీద కూర్చుండి విన్న తెలుగు ఎట్లుండెనో తెలియజెప్పు సాక్ష్యము అచ్చటితో పోవును. హాళ్ళు పోయినవి, స్టూడియోలు పోయినవి. మిగిలినవి ఏవో కొన్ని పెట్టెలు, అవియును పాతసామాను దుకాణములలో రాగి ధరకు తూగుచున్నవి. కావున మార్చుటకు ముందు ప్రతి భాగమును కొలిచి, వలయపు పటమును గీసికొనవలెను. మార్చిన విలువను, తేదీని పెట్టె లోపలి చెక్కమీద వ్రాసి, విషనూనె లేని పాత కెపాసిటరును గుడ్డలో చుట్టి ఆ పెట్టెలోనే కట్టి యుంచవలెను.