నవలలు చెప్పమంటే మాన్యువల్ గుర్తొచ్చింది

మంచి తెలుగు నవలలు చెప్పమని ఎవరినడిగినా వచ్చే లిస్టు మనకి తెలిసిందే. వేయిపడగలు, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, అల్పజీవి. దేనికీ వంక పెట్టను, అన్నీ చదవాల్సినవే. కానీ మాది నందవరం. (బనగానపల్లె దగ్గర చౌడేశ్వరి గుడి ఉన్న నందవరం కాదండీ, ఎమ్మిగనూరు పక్కది.) ఆ లిస్టంతా తిరగేసినా మా వైపు మట్టి ఎక్కడా కాలికి అంటదు. అందుకని నేను చెప్పే లిస్టు కాస్త వేరు.

మొదటిది, నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన శ్రీరంగరాజ చరిత్ర, 1872. దీనికే సోనాబాయి పరిణయం అని ఇంకో పేరు. రంగరాజుకీ, లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయికీ పెళ్ళి ఎలా అయిందన్నది కథ. అప్పటికి నవల అన్న మాటే లేదు కాబట్టి ఆయన దాన్ని నవీన ప్రబంధం అన్నాడు. మన పాఠాల్లో మొదటి నవలగా చెప్పుకునే కందుకూరి రాజశేఖర చరిత్ర 1878లో గానీ రాలేదు. నవలగా కందుకూరిదే మెరుగు, అందులో సందేహం లేదు. అయినా తేదీ తేదీయే కదా! మొదటి వెర్షన్‌లో బగ్గులున్నాయని అసలది విడుదలే కాలేదంటామా?

అసలు సంగతి ఇక్కడుంది. ఈ చెట్టిగారు డిప్యూటీ కలెక్టరు. 1886లో అచ్చయిన కర్నూలు జిల్లా మాన్యువల్ కూర్చింది కూడా ఈయనే. అది ఇంగ్లీషులో, సర్కారు కోసం. ఊళ్ళు, పన్నులు, పంటలు, కులాల లెక్కలు. ఒకే మనిషి మన ఆచారాల గురించి తెలుగులో కథ రాశాడు, మన జిల్లా గురించి దొరలకి రిపోర్టూ రాశాడు. ఈ రెండు పుస్తకాలకీ మధ్యలోనే 1876-78 నాటి కరువు వచ్చి సీమని తుడిచిపెట్టింది.

తమాషా ఏమిటంటే, ఆ మాన్యువల్ పరిధిలో మేం లేం! మా ఆదోని తాలూకా అప్పట్లో బళ్ళారి జిల్లాలో ఉండేది. దాని మాన్యువల్ జాన్ కెల్సాల్ అనే దొర కూర్చాడు, అదీ 1872లోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలుకొచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. కన్నడం కలిసిన మా తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. మాన్యువల్లో మాకు ఎకరాలున్నాయి, శిస్తులున్నాయి, మాటలే లేవు. ఆ మాట పట్టుకోవడం నవలకి గానీ చేతకాదు.

అందుకే రెండోది బండి నారాయణస్వామి శప్తభూమి. 18వ శతాబ్దపు అనంతపురం సీమ, హండే పాలకుల కాలం. 2017లో తానా బహుమతి, 2019లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చాయి. అవార్డుల సంగతి అలా ఉంచండి. రాయలంటే హంపీ, ఆ తర్వాత నేరుగా మన్రో దొర అన్నట్టు చదువుకున్నాం మనం. మధ్యలో రెండు శతాబ్దాలకు పైగా ఇక్కడ బతికినవాళ్ళు ఏం తిన్నారు, ఎవరి కోసం చచ్చారు, దేవుడి పేరుతో ఆడవాళ్ళని ఏం చేశారు అన్నది ఈ పుస్తకంలో కళ్ళకి కడుతుంది. కొన్ని పేజీలు చదవడం కష్టం. అయినా చదవండి.

మూడోది చెప్పాలని ఉంది. మగ్గం చప్పుడు వినిపించే ఎమ్మిగనూరు, పత్తి బేళ్ళ ఆదోని, పక్కనే తుంగభద్ర పారుతున్నా వానకోసం మొగులు చూసే మా పల్లెలు, వీటి గురించి ఒక పెద్ద నవల. 1953లో రాత్రికి రాత్రి రాష్ట్రం మారిన జనం కథ చాలదా దానికి? మా వైపు కుర్రాళ్ళు చాలామంది నాలాగే కీబోర్డు ముందే కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు రాసినా చాలు, నా లిస్టులో మూడో నెంబరు ఖాళీగా పెట్టే ఉంచాను.