క్షీరదం

క్షీరం అంటే పాలు, ‘ద’ అంటే ఇచ్చేది. నీళ్లిచ్చే మేఘం జలదమైనట్టే, పాలిచ్చే జంతువు క్షీరదమైంది. స్కూలు పుస్తకం దాటి ఈ మాట పెద్దగా బయటికి రాలేదు. ఊళ్లో పాలిచ్చేదంటే గేదో ఆవో గానీ, గబ్బిలం ఎవరికి గుర్తొస్తుంది?

ఈ గుంపుకు పాలతో ముడిపడ్డ పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్. మొదట వీటిని ‘నాలుగు కాళ్లవి’ అన్నాడు. 1758లో, తన గ్రంథం పదో కూర్పులో ఆ పేరు తీసేసి, రొమ్ము అనే అర్థమున్న లాటిన్ మాటలోంచి ‘మమ్మేలియా’ తెచ్చాడు. అప్పటిదాకా చేపల్లో లెక్కేసిన తిమింగలాన్నీ ఇటు చేర్చాడు. పాలకు బదులు వెంట్రుకలనో, చెవిలోని మూడు ఎముకలనో ఆయన గుర్తుగా పెట్టుకుని ఉండొచ్చు. అవి మగవాటికీ ఉంటాయి కదా! దాదుల చేత పసిబిడ్డలకు పాలిప్పించే అలవాటును ఆయన 1752లోనే తప్పుపట్టాడు. ఆ పట్టుదలే ఈ పేరులోకీ వచ్చిందని చరిత్రకారిణి లోండా షీబింగర్ వాదన.

గుడ్లు పెట్టే ప్లాటిపస్‌కు చనుమొనలు ఉండవు. పాలు చర్మం మీదికి ఊరతాయి, పిల్లలు వాటిని జుర్రుకుంటాయి. లాటిన్ పేరు దానికి కాస్త ఇరుకే. మన క్షీరదం మాత్రం సరిగ్గా సరిపోతుంది.