సెల్యులోజ్ వాణిజ్యంలో సహద్రవ్యాల పాత్ర: కర్పూరం, ఎసిటోన్ (1870–1918)

కీలక పదాలు: సెల్యులోజ్, సెల్యులాయిడ్, కర్పూరం, కార్డైట్, ఎసిటోన్, తైవాన్.

1. ఉపోద్ఘాతం

పత్తి, కలప, గడ్డి మొదలైన వృక్షజన్య పదార్థాలన్నింటిలోనూ ఉండే సెల్యులోజ్‌ను 1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ వేరుచేశాడు. ఇంత విస్తారంగా లభించే పదార్థంపై ఏ ఒక్క దేశానికీ గుత్తాధిపత్యం సాధ్యం కాదు. అయితే సెల్యులోజ్ నీటిలో కరగదు. వేడిచేస్తే ద్రవంగా మారకుండానే మాడిపోతుంది. దానిని ప్లాస్టిక్కుగానో, పేలుడు మందుగానో మలచాలంటే ఆమ్లాలతో మార్పు చేసి, మరొక ద్రవ్యాన్ని తోడు చేయాలి. ఇటువంటి ద్రవ్యాలను ఈ వ్యాసంలో ‘సహద్రవ్యాలు’ అని వ్యవహరించడం జరిగింది. సెల్యులోజ్ ఉత్పన్నాల వాణిజ్యంలో ఆధిపత్యం ముడిసరుకు కన్నా సహద్రవ్యాల మీదనే ఎక్కువగా ఆధారపడిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సెల్యులాయిడ్ – తైవాన్ కర్పూరం

1846లో షోన్‌బైన్ పత్తిని నత్రికామ్లం, గంధకామ్లాలతో చర్య జరిపించి తుపాకి పత్తిని తయారుచేశాడు. తక్కువ నత్రీకరణ చెందిన ఇదే రకం పదార్థానికి కర్పూరం కలిపి, వేడి, ఒత్తిడులకు గురిచేసి అచ్చులో ఒదిగేలా చేసే పద్ధతికి 1870లో అమెరికాలో హయత్ సోదరులు పేటెంటు పొందారు. అదే సెల్యులాయిడ్. దువ్వెనలు, కాలర్లు, బొమ్మలు, 1889 నుండి ఫోటో ఫిలిం చుట్టలు దానితో తయారయ్యాయి. పూజాద్రవ్యంగా, ఔషధంగా పేరొందిన కర్పూరం ఈ విధంగా పారిశ్రామిక ముడిసరుకుగా మారింది.

అప్పటి ప్రపంచ కర్పూర సరఫరాలో అత్యధిక భాగం తైవాన్, జపాన్ అడవులదే. 1895లో షిమొనొసెకి ఒప్పందంతో తైవాన్ జపాన్ వశమైంది. యాజమాన్య పత్రాలు లేని అడవులన్నీ ప్రభుత్వ భూములేనని ఆ ఏడాదే కొత్త పాలకులు ప్రకటించారు. 1899లో కర్పూరాన్ని ప్రభుత్వ గుత్త వ్యాపారంగా చేశారు. కర్పూర వృక్షాలు అధికంగా ఉన్న కొండలు అతయల్ మొదలైన ఆదివాసుల నివాస భూములు. వారిని కట్టడి చేసే కాపలా రేఖలు విద్యుత్ కంచెలతో క్రమంగా లోపలికి జరిగాయి. 1910లో గవర్నర్ జనరల్ సకుమా ప్రారంభించిన అయిదేళ్ల సైనిక చర్య దీనికి పరాకాష్ఠ. ఫిలిం చుట్టల గిరాకీకీ, కొండ ప్రజల నిర్వాసానికీ మధ్య సంబంధం ఇక్కడ స్పష్టమవుతుంది.

3. కార్డైట్ – ఎసిటోన్

మొదటి ప్రపంచ యుద్ధం ఈ వాదనను మరోవైపు నుండి బలపరుస్తుంది. 1915 ఆగస్టులో బ్రిటన్ పత్తిని యుద్ధ నిషిద్ధ వస్తువుగా ప్రకటించింది. జర్మనీ కలప సెల్యులోజ్‌తో మందుగుండు తయారుచేసి ఆ దెబ్బను తట్టుకుంది. ముడిసరుకుకు ప్రత్యామ్నాయం దొరికింది.

బ్రిటన్ సమస్య వేరు. కార్డైట్ తయారీలో తుపాకి పత్తిని, నైట్రోగ్లిసరిన్‌ను కలపడానికి ఎసిటోన్ అవసరం. కలపను బట్టీపెట్టి తీసే ఎసిటోన్ కోసం బ్రిటన్ ప్రధానంగా అమెరికాపై ఆధారపడేది. ఈ కొరతలో మాంచెస్టర్ రసాయన శాస్త్రవేత్త హైమ్ వైజ్‌మన్ మొక్కజొన్న పిండిని సూక్ష్మజీవులతో పులియబెట్టి ఎసిటోన్ తీసే పద్ధతిని రూపొందించాడు. 1917లో ధాన్యం దిగుమతులు తగ్గగా, బడిపిల్లలచేత హార్స్ చెస్ట్‌నట్ కాయలు ఏరించారు. ఎసిటోన్‌కు బదులు ఈథర్–ఆల్కహాల్ మిశ్రమంతో మరో రకం కార్డైట్‌ను కూడా తయారుచేశారు. పులియబెట్టినప్పుడు వెలువడి, యుద్ధకాలంలో అక్కరకు రాని బ్యుటనాల్, 1920లలో మోటారు కార్లకు పూసే నైట్రోసెల్యులోజ్ లక్కకు ద్రావకాన్ని అందించింది.

4. ముగింపు

సహద్రవ్యాలపై గుత్తాధిపత్యం కూడా శాశ్వతం కాలేదు. టర్పెంటైన్ నుండి కృత్రిమ కర్పూరం తయారీ సాధ్యమైంది. నేడు హారతి పళ్లెంలో వెలిగే కర్పూరంలో అధిక భాగం అదే. ప్రయోగశాల గుత్తను ఛేదించగలిగినా, దాని కోసం జరిగిన భూ ఆక్రమణను రద్దు చేయలేకపోయింది. 1945లో జపాన్ పాలన ముగిశాక కూడా తైవాన్ కొండ అడవులు ప్రభుత్వ భూములుగానే కొనసాగాయి. 2016 ఆగస్టు 1న అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్-వెన్ ప్రభుత్వ పక్షాన ఆదివాసులకు క్షమాపణ చెప్పారు. సెల్యులోజ్ వాణిజ్య చరిత్రను పేటెంట్లు, ఎగుమతి లెక్కలతో పాటు అటవీ భూమి హక్కుల చరిత్రగానూ అధ్యయనం చేయవలసిన ఆవశ్యకతను ఈ పరిణామం తెలియజేస్తుంది.